లాయర్ చెల్లి సర్పంచ్‌గా నిలబడాలా? కోర్టు నుంచి రాజకీయాల్లోకి వెళ్లిన మన గోదావరి ఆడవాళ్ల గురించి చెప్పండి

ముమ్మిడివరం_లక్ష్మి

అందరికీ నమస్కారమండీ. మా చెల్లి అమలాపురం కోర్టులో ప్రాక్టీసు చేస్తోంది. సివిల్ కేసులే ఎక్కువ. పార్టిషన్లు, గట్టు తగాదాలు, కౌలు గొడవలు, కొబ్బరి తోటల హద్దులు. ఈ మధ్య ఊళ్లో రైతులు కొంతమంది ఇంటికొచ్చి, ఈసారి పంచాయతీ ఎన్నికల్లో సర్పంచ్‌గా నువ్వే నిలబడాలమ్మా అని పట్టుబట్టారు. సీటు ఆడవాళ్లకి వస్తుందని అందరూ అనుకుంటున్నారు.

నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఇప్పుడిప్పుడే నాలుగు కేసులొస్తున్నాయి, సీనియర్ దగ్గర పేరొచ్చింది, ఇప్పుడు ఎన్నికలంటే ఉన్న క్లయింట్లు కూడా పోతారని ఆయన భయం. చెల్లికి మాత్రం మనసు అటే లాగుతోంది. నాకు రెండూ సబబుగానే అనిపిస్తున్నాయి.

మన ఉభయ గోదావరి జిల్లాల నుంచి లా చదివి రాజకీయాల్లోకి వెళ్లిన ఆడవాళ్ల సంగతి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి. చదివిన లా వాళ్లకి ఎందుకు పనికొచ్చింది? ప్రాక్టీసు ఏమైంది? అభిమానంతో కాకుండా ఉన్నదున్నట్టు చెబితే ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటాం.

నల్లకోటు

లక్ష్మి గారూ, నేను రాజమండ్రి బార్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను. ముందు మీ నాన్నగారి భయం సంగతి చెబుతాను.

లాయరు పూర్తికాలం జీతానికి ఉద్యోగం చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన ఉంది. దాన్ని పట్టుకుని ఎంపీలు, ఎమ్మెల్యేలు ప్రాక్టీసు చేయకూడదని సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. 2018 సెప్టెంబరులో కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ప్రజాప్రతినిధికీ ప్రభుత్వానికీ మధ్య ఉన్నది యజమాని, ఉద్యోగి సంబంధం కాదని చెప్పింది. ఎమ్మెల్యేకే అడ్డు లేనప్పుడు గౌరవ వేతనం తీసుకునే సర్పంచ్‌కి ఆ నిబంధన అడ్డు రాదు. గౌను విప్పక్కర్లేదు.

కానీ చట్టం ఒప్పుకోవడం వేరు, రోజు గడవడం వేరు. ఉదయం పదిన్నరకి కోర్టు పిలిచేటప్పుడు ఊళ్లో నీళ్ల ట్యాంకు మోటారు కాలిందని ఫోనొస్తుంది. వాయిదాకి జూనియర్‌ని పంపాలంటే జూనియర్ ఉండాలి. మీ చెల్లెలే ఇంకా ఒకరి దగ్గర జూనియర్. సీనియర్ గారు ఒప్పుకుంటారా అన్నది ముందు కనుక్కోండి. ప్రభుత్వ ప్లీడర్ పోస్టులాంటిది ఏమైనా ఉంటే మాత్రం అది ముందే వదులుకోవాలి.

ఏటిగట్టు

లక్ష్మి గారూ, ఈ ప్రశ్నకి ఎవరైనా దుర్గాబాయమ్మ, అదే దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి దగ్గరే మొదలుపెట్టాలి. నేను హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆవిడ పేరు పాఠంలో ఒక వాక్యంగా వచ్చి పోతుంటే ఎప్పుడూ బాధగా ఉండేది. కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. పెరిగింది ఎక్కువగా కాకినాడలో. ఎనిమిదేళ్లకి పెళ్లి చేశారు. ఊహ వచ్చాక ఆ కాపురానికి వెళ్లనని చెప్పేశారు, తండ్రి ఆ మాటకి అండగా నిలిచారు. 1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు ఆయన దేవదాసీలతో, ఘోషా స్త్రీలతో మాట్లాడాలని పట్టుబట్టి ఆ సభ పెట్టించింది ఈ పన్నెండేళ్ల పిల్లే. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడి టికెట్ లేదని నెహ్రూని ఆపిన కథ అందరికీ తెలిసిందే, దాన్ని వదిలేస్తున్నాను.

మీ చెల్లెలికి పనికొచ్చేది ఆ తర్వాతి భాగం. 1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో అరెస్టయ్యారు. 1933 లోపు మళ్లీ మళ్లీ జైలుకెళ్లారు, మదురైలో ఒంటరి గదిలో కూడా ఉంచారు. జైల్లో ఆవిడకి కనిపించింది సత్యాగ్రహులు మాత్రమే కాదు, హత్య కేసుల్లో శిక్ష పడ్డ పల్లెటూరి ఆడవాళ్లు కూడా. తమ మీద పెట్టిన కేసేంటో, కోర్టులో తమ తరఫున ఎవరు ఏం చెప్పారో వాళ్లకి తెలియదు. వీళ్లకి లాయరు కావాలి, ఆ లాయరు నేనే అవుతానని అక్కడ అనుకున్నారు.

అనుకున్నప్పుడు చేతిలో మెట్రిక్ కూడా లేదు! ఇంగ్లీషు చదువు బహిష్కరించి బడి మానేసిన మనిషి. బయటికొచ్చాక ప్రైవేటుగా బెనారస్ మెట్రిక్ కట్టారు. తర్వాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే, అమ్మాయిలకి హాస్టల్ లేదు చేర్చుకోలేమన్నారు. వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు. అయితే హాస్టల్ మేమే పెట్టుకుంటామని, చదువుకోవాలనుకునే అమ్మాయిల్ని కూడగట్టి సీటు సాధించారు. మద్రాసులో లా పూర్తయి బార్‌లో చేరేసరికి 1942. ముప్పై మూడేళ్లు.

అప్పటికి మన దేశంలో ఆడవాళ్లు లాయర్లుగా చేరొచ్చని చట్టం వచ్చి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. ఆ చట్టం వచ్చింది 1923లో, అంటే ఆవిడ కాకినాడలో టికెట్లు చూస్తున్న ఏడాదే.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకి వెళ్లారు. అక్కడ నాలుగేళ్ల ప్రాక్టీసు ఎలా పనిచేసిందో చూడండి. రాజ్యసభకి కనీస వయసు ముప్పై అయిదు అని ముసాయిదాలో ఉంటే ముప్పై చాలని సవరణ పెట్టి నెగ్గించారు. ఈ రోజుకీ రాజ్యసభ వయసు ముప్పయ్యే. గుళ్లు హిందువుల్లో అన్ని తరగతులకీ తెరిచేలా చట్టం చేయొచ్చన్న చోట కూడా ఆవిడ సవరణ ఉంది. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే ప్యానెల్లో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆవిడ. ఉపన్యాసాలు చెప్పినవాళ్లు ఆ సభలో చాలామంది. ముసాయిదా ముందేసుకుని ఇక్కడ ఈ అంకె మారాలి అని కూర్చున్నవాళ్లు తక్కువ.

దాళ్వా_రైతు

మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ ఆవిడ కథ చెప్పి ఓ అమ్మాయిని ఎన్నికల్లోకి దింపడం సరికాదండి. దుర్గాబాయి గారు రాజ్యాంగ సభకి జనం ఓట్లతో వెళ్లలేదు, రాష్ట్ర శాసనసభ ఎన్నుకుంది. 1952లో ఓట్లకి నిలబడితే ఓడిపోయారు. ఆ సంగతి కూడా రాయాలి కదా. మా ఊళ్లో సర్పంచ్ అవ్వాలంటే ఎంత ఖర్చవుతుందో మీకు తెలుసు, నాకూ తెలుసు. సందు సందునా కులం లెక్క కడతారు. సవరణలు ఎవరికి కావాలి?

ఏటిగట్టు

రాయాలనే ఉంది, మీరు ముందే రాశారు. అవునండి, 1952లో ఓడిపోయారు. ఆ ఎన్నికల్లో ఆంధ్ర జిల్లాల్లో కాంగ్రెస్సే దెబ్బతింది, కమ్యూనిస్టుల గాలి వీచింది. అప్పటికి కాంగ్రెస్ వదిలి వేరే పార్టీలో ఉన్న ప్రకాశం పంతులు గారంతటి వారు కూడా ఓడిపోయారు. ఆయనా మన రాజమండ్రిలో ప్లీడరీ చేసి, ఇక్కడి మునిసిపల్ ఛైర్మన్ అయి పైకొచ్చిన మనిషే.

ఓడిపోయాక ఆవిడేం చేశారన్నది చూడండి. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు. పల్లెల్లో బాలవాడీలు, కుట్టు కేంద్రాలు, ప్రసవానికి సాయం, వీటికి కేంద్రం డబ్బు స్వచ్ఛంద సంస్థల ద్వారా చేరే దారి ఆ బోర్డు వేసింది. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చి, మనకీ కావాలని నెహ్రూకీ న్యాయమూర్తులకీ చెబుతూనే ఉన్నారు. ఆ చట్టం 1984లో వచ్చింది. ఆవిడ 1981లోనే పోయారు. ఇవాళ భరణం కోసం ఫ్యామిలీ కోర్టు వరండాలో కూర్చున్న ఆడపిల్లకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. నా బాధ అదే.

పిఠాపురం_వాసి

దుర్గాబాయి గారి కాలం వేరండి. మన కాలంలో, మన కళ్ల ముందు ఉన్న మనిషి కావాలంటే వంగా గీత గారు. కాకినాడ ఆవిడే, లా చదివారు. పార్టీ పక్షపాతం లేకుండా ఆవిడ ప్రయాణం మాత్రమే చెబుతాను, దయచేసి ఎవరూ ఇక్కడ పార్టీ గొడవ మొదలుపెట్టకండి.

1995లో తెలుగుదేశం తరఫున తూర్పు గోదావరి జిల్లా పరిషత్ ఛైర్‌పర్సన్ అయ్యారు. 2000 నుంచి 2006 దాకా రాజ్యసభ. 2009లో ప్రజారాజ్యం నుంచి మా పిఠాపురం ఎమ్మెల్యే. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి కాకినాడ ఎంపీ. 2024లో మళ్లీ పిఠాపురం అసెంబ్లీకి నిలబడి పవన్ కల్యాణ్ గారి చేతిలో ఓడిపోయారు. జిల్లా పరిషత్, రాజ్యసభ, శాసనసభ, లోక్‌సభ, ఈ నాలుగూ చూసినవాళ్లు మన జిల్లాలో మగవాళ్లలోనైనా ఎంతమంది ఉన్నారు?

పార్టీలు మారారని విమర్శించేవాళ్లు ఉన్నారు. ఉండొచ్చు. నేను గమనించింది ఇంకోటి. ఆవిడకి పునాది జిల్లా పరిషత్. అప్పటి తూర్పు గోదావరి అంటే ఇటు తుని నుంచి అటు రాజోలు దాకా, పైన రంపచోడవరం ఏజెన్సీ. రోడ్లు, బడులు, మంచినీళ్ల పథకాలు, ప్రతి మండలం నుంచి అర్జీలు. అయిదేళ్లు ఆ ఫైళ్లు చూసినవాళ్లకి జిల్లాలో ఏ ఊరు ఎక్కడుందో, ఏ పని ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. ఆ తెలివిడి ఎన్నిక పోయినా పోదు. అందుకే ఓడినా మళ్లీ టికెట్ ఇచ్చేవాళ్లు ఉంటారు.

రాజోలు_టు_హైదరాబాద్

పైన చెప్పిన దానికి ఇంకో ఉదాహరణ. ఆయన మగవాడే అయినా ఇక్కడ చెప్పుకోవాలి. మన జీఎంసీ బాలయోగి గారు. ఎదుర్లంక కుర్రాడు, దళిత కుటుంబం. లా చదివి కాకినాడలో ప్రాక్టీసు పెట్టారు. 1985లో మేజిస్ట్రేటు ఉద్యోగం వస్తే అది కూడా వదిలేసి రాజకీయాల్లోకి వచ్చారు. 1987లో జిల్లా పరిషత్ ఛైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ. 1996లో ఓడిపోయారు. తర్వాత ముమ్మిడివరం ఉప ఎన్నికలో ఎమ్మెల్యేగా గెలిచి రాష్ట్రంలో మంత్రి అయ్యారు. 1998లో లోక్‌సభ స్పీకర్. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి దళితుడు. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన రోజు కోనసీమలో పొయ్యి వెలిగించని ఇళ్లు నాకు తెలుసు. యానాం దగ్గర వంతెన దాటే ప్రతిసారీ ఆ పేరు చదువుతాం.

మేజిస్ట్రేటు ఉద్యోగం వదిలేస్తానంటే ఇంట్లో వాళ్లు ఏమని ఉంటారు? లక్ష్మి గారి నాన్నగారు అన్నట్టే అని ఉంటారు.

మాజీ_వార్డు_మెంబర్

పెద్ద పెద్దవాళ్ల గురించి బాగా చెప్పారు. నేను పంచాయతీ ఆఫీసులో కూర్చున్నదాన్ని, అక్కడ ఏం జరుగుతుందో చెబుతాను లక్ష్మీ.

మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవే. కాగితం మీద అది నిజం. నేను మెంబరుగా ఉన్నప్పుడు మా సర్పంచ్ ఆవిడే, కుర్చీలో మాత్రం వాళ్లాయన. మీటింగ్ రోజు ఆవిడ వెనక బల్ల మీద కూర్చునేది, కార్యదర్శి తీర్మానాల పుస్తకం తెచ్చి ముందు ఆయనకి చూపించేవాడు. ఆయన తలూపాక ఆవిడ సంతకం. కొన్నిసార్లు పేజీలో సగం ఖాళీ వదిలి కింద సంతకాలు పెట్టించేవారు. పైన ఏం రాస్తారో తర్వాత సంగతి.

ఓసారి నేను ఆ పుస్తకం తీసుకుని మొత్తం చదివి, ఖాళీ జాగాలో అడ్డగీత కొట్టి అప్పుడు సంతకం పెట్టాను. పదో తరగతి చదివినదాన్ని. మా తమ్ముడు స్టాంపు పేపర్లు రాసేవాడు, వాడు నేర్పాడు ఆ గీత. ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం తగ్గించారు, కానీ ఖాళీ వదలడం కూడా మానేశారు.

కాబట్టి లా చదివిన అమ్మాయి ఆ కుర్చీలో కూర్చుంటే ఏమవుతుందో నేను ఊహించగలను. పుస్తకం చదువుతుంది. టెండర్ కాగితం చదువుతుంది. చెరువు వేలం ఎంతకి పోయిందో, ఆ డబ్బు ఏ ఖాతాలో పడిందో అడుగుతుంది. దాళ్వా_రైతు గారూ, సవరణలు ఎవరికి కావాలన్నారు కదా, మా పంచాయతీకి కావాలండి.

ఇంకో మాట. ఇద్దరు పిల్లలు దాటితే పోటీకి పనికిరారన్న రూలు మన రాష్ట్రంలో 2024లో తీసేశారు. దాని గురించి ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి.

ముమ్మిడివరం_లక్ష్మి

అక్కా, మీ పోస్టు చెల్లికి చదివి వినిపించాను. ఆ అడ్డగీత దగ్గర మళ్లీ చదవమంది.

ఆ కుర్చీ సంగతికొస్తే చెల్లి భర్త, మా మరిది, అలాంటివాడు కాదు, వాడికి ఏలూరులో ఉద్యోగం. చెల్లి పెళ్లయ్యాక కూడా మా ఊళ్లోనే, నాన్నగారి పక్క ఇంట్లో ఉంటోంది.

నల్లకోటు

అయితే ఓటు ఎక్కడుందమ్మా? అది ముందు చూడండి. పెళ్లయిన అమ్మాయిల ఓటు అత్తారి ఊళ్లో నమోదై ఉంటుంది చాలాసార్లు. సర్పంచ్‌గా పోటీ చేయాలంటే ఆ పంచాయతీ ఓటర్ల జాబితాలో పేరుండాలి. నామినేషన్ల పరిశీలన రోజు టెన్షన్ పడి లాభం లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. 1994 పంచాయతీరాజ్ చట్టంలో అనర్హతల జాబితా ఉంది. దివాలా, శిక్షలు, పంచాయతీతో కాంట్రాక్టులు, బకాయిలు అందరికీ తెలుసు. అందులో లాయర్ల కోసమే ఒక మాట ఉంది. పంచాయతీ తరఫున ఫీజు తీసుకుని పనిచేస్తున్న లాయరైనా, పంచాయతీకి వ్యతిరేకంగా కేసు నడుపుతున్న లాయరైనా ఆ పంచాయతీకి పోటీ చేయడానికి పనికిరారు. మా బార్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు చాలామంది. మీ చెల్లెలి చేతిలో అలాంటి వకాలత్ ఏదైనా ఉందా? ప్రత్యర్థి వర్గంలో ఒక్క తెలివైన ప్లీడరు ఉంటే మొదట పట్టుకునేది ఇదే.

ముమ్మిడివరం_లక్ష్మి

నల్లకోటు గారూ, మీరు రాసింది చదివి మేమిద్దరం కాసేపు మాట్లాడుకోలేదు.

ఓటు ఇక్కడే ఉంది, ఆ ఇబ్బంది లేదు. వకాలత్ మాత్రం ఉంది.

ఊరి పడమర మురుగు కాలవ ఒకటి ఉందండి. మా చిన్నప్పుడు అందులో పడవ వేసి కొబ్బరికాయలు తెచ్చేవాళ్లు. పైన ఉన్న పొలాల నీళ్లన్నీ దాంట్లోంచే కిందికి దిగాలి. కొన్నేళ్లుగా రెండు పక్కలా చేపల చెరువుల గట్లు జరుపుకుంటూ వచ్చారు. ఇప్పుడు ఒక చోట మనిషి దూకి దాటేంత అయిపోయింది. సార్వాలో, అంటే ఖరీఫ్ పంటలో, తుఫాను వానలు పడితే చాలు, నీళ్లు దిగవు. కంకి బరువెక్కే సమయానికి చేను మోకాటి లోతు నీళ్లలో ఉంటుంది. కోతకొచ్చిన ధాన్యం మొలకెత్తడం నా కళ్లతో చూశాను. పంచాయతీకి అర్జీలు పెట్టారు, జవాబు లేదు. పైగా ఆ కాలవ పోరంబోకులోనే కొంత జాగాకి పంచాయతీ ఇంటి పన్ను రసీదులు ఇచ్చేసింది.

రైతుల తరఫున అమలాపురం కోర్టులో దావా వేసింది మా చెల్లే. చెరువుల వాళ్లతో పాటు పంచాయతీ కూడా ప్రతివాది. సర్పంచ్‌గా నిలబడమని ఇంటికొచ్చింది ఆ రైతులే.

దాళ్వా_రైతు

లక్ష్మి గారూ, ఇప్పుడర్థమైంది వాళ్లెందుకు వచ్చారో. నేను అల్లవరం వైపు వాణ్ని. 2011లో కోనసీమలో క్రాప్ హాలిడే ప్రకటించినప్పుడు నేనూ సార్వా వేయలేదు. గిట్టుబాటు ధర ఒక కారణమైతే, నీళ్లు దిగని డ్రెయిన్లు ఇంకో కారణం. నాట్లు వేయకుండా మడి చూస్తూ కూర్చోవడం రైతుకి ఎలా ఉంటుందో చెప్పలేను.

నా మొదటి పోస్టులో కులం, డబ్బు గురించి రాశాను. అది అబద్ధం కాదు. కానీ మురుగు కాలవ కోసం కోర్టుకెళ్లిన లాయరమ్మని ఊరు తనంతట తాను అడుగుతోందంటే, ఆ లెక్క వేరుగా ఉండొచ్చు. చేలో నీళ్లు నిలిస్తే అన్ని కులాల వాళ్లకీ నిలుస్తాయి.

అయితే నా సలహా ఒకటే. కేసు వదలొద్దు. సర్పంచ్ పదవి అయిదేళ్లు. డ్రెయిన్ మీద కోర్టు తీర్పు వస్తే అది నిలిచిపోతుంది.

విద్యానగర్_పాత_విద్యార్థిని

ఈ చర్చ మొదటి నుంచీ చదువుతున్నాను. మాది తణుకు, చదివింది హైదరాబాదులో ఆంధ్ర మహిళా సభ కాలేజీలో. అందుకని దుర్గాబాయమ్మ గురించి ఏటిగట్టు మాస్టారు రాసిన దానికి ఒక ముక్క కలుపుతాను.

మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది 1937లో, అంటే ఆవిడ ఇంకా లాయరు కాకముందే. మైలాపూర్‌లో ఇంటి దగ్గర ఆడపిల్లల్ని పోగేసి చదువు చెప్పడం, మెట్రిక్ పరీక్షకి తయారు చేయడం. భర్త వదిలేసినవాళ్లు, చిన్నప్పుడే వితంతువులైనవాళ్లు, చదువు మధ్యలో ఆగినవాళ్లు ఆ క్లాసులకి వచ్చేవారు. తర్వాత అది ఆసుపత్రులు, కాలేజీలు, నర్సింగ్ స్కూళ్లు అయింది. మా హాస్టల్లో నాతో చదివిన ఒకమ్మాయి రెండేళ్ల పిల్లని ఇంటి దగ్గర వదిలి వచ్చి డిగ్రీ చేసింది.

రాజ్యాంగ సభకి వెళ్లాక ఆవిడ ప్రాక్టీసు వెనకబడింది. కానీ మహిళా సభ పని ఆగలేదు. 1952లో ఓడినప్పుడు నిలబడటానికి ఆవిడ కాళ్ల కింద ఉన్నది అది. 1975లో పద్మవిభూషణ్ ఇచ్చారు, ఢిల్లీలో ఒక మెట్రో స్టేషన్‌కి ఆవిడ పేరు ఉంది. రాజమండ్రి ఆవిడ అని అక్కడ ఎక్కేవాళ్లలో ఎవరికి తెలుసో తెలియదు గానీ మనమైనా గుర్తుపెట్టుకోవాలి.

లక్ష్మి గారూ, మీ చెల్లికి కాళ్ల కింద ఉన్నది ఈ కాలవ కేసు. అది వదిలి వెళ్తే గెలిచినా బలం ఉండదనిపిస్తోంది నాకు.

మాజీ_వార్డు_మెంబర్

మీరందరూ కేసు వదలొద్దు అంటున్నారు, నేను ఒప్పుకోనండి. ఆ పోరంబోకుకి పన్ను రసీదులు ఇచ్చింది ఎవరు? పంచాయతీ. కోర్టులో పంచాయతీ తరఫున ఎదురు వాదిస్తున్నది ఎవరు? పంచాయతీ లాయరు. రేపు ఈ అమ్మాయి సర్పంచ్ అయితే, పంచాయతీ ఆ ఆక్రమణ నిజమేనని కోర్టుకి చెప్పొచ్చు. అదే పోరంబోకులో బోర్డు పాతొచ్చు. కేసు ఎవరైనా వాదిస్తారు, ఆ కుర్చీలో మంచి మనిషి కూర్చోవడమే కష్టం. మళ్లీ ఈ సీటు ఆడవాళ్లకి ఎప్పుడొస్తుందో ఎవరు చెప్పగలరు, రిజర్వేషన్ మారిపోతుంది.

నల్లకోటు

ఇద్దరూ చెప్పిందీ న్యాయంగానే ఉంది. కాబట్టి వృత్తి ప్రకారం ఏం చేయొచ్చో చెబుతాను.

వకాలత్ నుంచి తప్పుకోవాలంటే క్లయింట్లకి ముందు చెప్పాలి, కోర్టు అనుమతి తీసుకోవాలి. వాళ్లని నడిమధ్యలో వదలకూడదు. ఇంకో మంచి లాయరుకి ఫైలు అప్పగించి, సాక్ష్యాల దశ ఎక్కడుందో కూర్చోబెట్టి వివరించాలి. ఇదంతా నామినేషన్‌కి చాలా ముందే కాగితం మీద పూర్తవ్వాలి. తర్వాత సర్పంచ్ అయినా ఆ కేసు విషయంలో ఇబ్బంది ఉంటుంది. నిన్న వాదుల లాయరు, ఇవాళ ప్రతివాది పంచాయతీకి పెద్ద. పాత క్లయింట్ల రహస్యాలు ఆమె దగ్గరుంటాయి. ఆ కేసు గురించి పంచాయతీలో తీర్మానం వచ్చినప్పుడు పక్కకి తప్పుకుని ఉపసర్పంచ్‌కి వదలడం మర్యాద. అక్కా, మీరన్నట్టు ఆక్రమణ నిజమేనని కోర్టుకి చెప్పించడం ఆమె చేతుల మీదుగా జరిగితే, చెరువుల వాళ్లు దాన్నే పట్టుకుని పై కోర్టుకి వెళ్తారు.

ఇంకో దారి జడ్పీటీసీ, అంటే మండలం నుంచి జిల్లా పరిషత్‌కి సభ్యురాలు. కేసు గ్రామ పంచాయతీ మీద, జిల్లా పరిషత్ మీద కాదు. పైన వంగా గీత గారు, బాలయోగి గారు ఎక్కిన మెట్టు అదే. కానీ సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తులుండవు, జడ్పీటీసీకి ఉంటాయి. గెలవాలంటే ఏదో ఒక పార్టీ కండువా కప్పుకోవాల్సి రావచ్చు.

రాజోలు_టు_హైదరాబాద్

2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ ప్రకారం అసెంబ్లీలో, లోక్‌సభలో మూడో వంతు సీట్లు ఆడవాళ్లకి రావాలి. అది అమలయ్యే రోజున పార్టీలు పనిచేసే ఆడవాళ్ల కోసం వెతుక్కుంటాయి. సొంత పని మీద నిలబడినవాళ్లు లేకపోతే మళ్లీ నాయకుల ఇళ్లలోంచే తెస్తారు. లక్ష్మి గారి చెల్లెలు ఈ ఒక్క ఎన్నికతో ఆలోచించకూడదని నా మనవి.

ముమ్మిడివరం_లక్ష్మి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నానండి. నిన్న రాత్రి ఇంట్లో నాన్నగారు, సీనియర్ గారు, కేసు వేసిన రైతుల్లో ముగ్గురు కూర్చున్నారు. మీరు రాసినవన్నీ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. సీనియర్ గారు చట్టం పుస్తకం తెచ్చుకుని నల్లకోటు గారు చెప్పిన అనర్హత ఉన్న పేజీ తీసి అందరికీ చదివి చెప్పారు.

చెల్లి మాట ఇది. కేసు తనే నడుపుతుంది. సర్పంచ్‌కి తను నిలబడదు. అదే రైతుల్లో ఒకాయన భార్య ఉంది, డ్వాక్రా సంఘం లెక్కలు ఏళ్లుగా చూస్తున్నావిడ, ఊళ్లో అందరికీ నమ్మకం. ఆవిడని నిలబెడదామంది. నామినేషన్ కాగితాల దగ్గర నుంచి తీర్మానాల పుస్తకం దాకా ఎలా చదవాలో ఆవిడకి చెల్లి నేర్పుతుంది. జడ్పీటీసీ సంగతి తీర్పు వచ్చాక ఆలోచిస్తానంది, వద్దనలేదు. నాన్నగారు మొదటిసారి ఏమీ అనలేదు.

రైతులు కాస్త నీరసపడ్డారు. ఒకాయనైతే, నువ్వుంటే గెలుపు ఖాయం కదమ్మా అన్నారు. చెల్లి ఆయనతో చాలాసేపు మాట్లాడింది.

ఇప్పుడు మాకో సాయం కావాలి. ఆ మురుగు కాలవ అసలు వెడల్పు ఎంతో చూపించే పాత పటం ఎక్కడ దొరుకుతుంది? పంచాయతీలో లేదంటున్నారు. గ్రామ సర్వేయర్ దగ్గర కొత్త కొలతలే ఉన్నాయి.

నల్లకోటు

రెండు చోట్ల అడగండి. జిల్లా సర్వే ఆఫీసులో పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) పటం, దాంతో పాటు ఆ సర్వే నంబరుకి ఆర్‌ఎస్‌ఆర్ (పాత రెవెన్యూ భూమి రిజిస్టర్) నకలు. రీసర్వే ముందు నాటివి కావాలని స్పష్టంగా రాయండి. రెండోది ఇరిగేషన్ వాళ్ల డ్రైనేజీ విభాగం. కాలవ అడుగు వెడల్పు, గట్ల వెడల్పు చూపించే డ్రాయింగులు వాళ్ల దగ్గర ఉంటాయి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. సర్టిఫైడ్ కాపీ అడగండి, మామూలు జిరాక్సు కోర్టులో నిలబడదు.

దాళ్వా_రైతు

డ్రైనేజీ ఆఫీసులో పాత లస్కర్లని, అంటే కాలవలు చూసుకునే సిబ్బందిని కూడా కనుక్కోండి. రిటైరైనవాళ్లలో ఒకరిద్దరికి ఏ కాలవ ఎంత వెడల్పో నోటికి వస్తుంది. సాక్షిగా వస్తారేమో అడిగి చూడండి. అల్లవరం వైపు ఒకాయన ఉన్నారు, ఆయన్ని అడిగి ఒప్పుకుంటే మీకు మెసేజ్ పెడతాను.